పడమటి కిటికీ గట్టు మీది తళుకు

మాంచెస్టర్,
మార్చి 9, 2009

స్కార్‌బెక్ మెథడిస్టు మందిరం బాధ్యులకు,

నమస్కారాలు.

నా పేరు ఓవెన్ ప్రిచర్డ్. ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. ముందూ వెనకా పరిచయం లేకుండా ఇలా రాస్తున్నందుకు మన్నించండి. నాకు మీ మందిరం దుమ్ము కొంచెం కావాలి.

సంగతేమిటంటే, పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు మందంలో సుమారు ముప్ఫై లక్షల పొరలు. అందులోంచి ఒకే ఒక్క పొరను చిరగకుండా విడదీయడం నా పని. ఆ ఒంటి పొరను గ్రాఫీన్ అంటారు. ఒక పరమాణువు మందం. అంతకంటే పలచన ఇంకేదీ ఉండదు. నా థీసిస్ చివరి అధ్యాయానికి తలవెంట్రుక మందమంత వెడల్పున్న పొర ఒక్కటి కావాలి. మీకు అది చిన్నదిగా అనిపించవచ్చు. నాకు ఇంతవరకూ దొరికినవాటిలో పెద్దది అందులో పదో వంతు.

మా బీరువాలో ఒక పాత సీసా ఉండేది. దాని మీద "స్కార్‌బెక్, మందిరం కిటికీ" అని ఎవరో చీటీ అంటించారు. నాకు దొరికిన ఆ పెద్దది అందులోదే. ఇప్పుడు సీసా ఖాళీ అయిపోయింది. అక్టోబరు నెలాఖరుకి థీసిస్ ఇచ్చేయాలి. ఇవ్వలేకపోతే నాలుగేళ్ల పని తోక లేని గాలిపటంలా మిగిలిపోతుంది.

మీ దుమ్ము చాలా నాణ్యమైనదనీ, మీ దగ్గర సమృద్ధిగా ఉంటుందనీ మా ప్రొఫెసర్ గారు కూడా అన్నారు.

భవదీయుడు,
ఓవెన్ ప్రిచర్డ్

తా.క.: కొన్నేళ్లుగా ఎవరూ చెయ్యి పెట్టని మూల ఏదైనా ఉంటే మరీ మంచిది.


స్కార్‌బెక్,
మార్చి 14

ప్రిచర్డ్ గారికి,

ప్రభువు పేరట వందనాలు.

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నేనేమైనా తప్పుగా అర్థం చేసుకుంటున్నానేమోనని మా ఆయన విల్ఫ్ చేత కూడా చదివించాను. "లేదే డోరీన్, దుమ్మే అడుగుతున్నాడు" అన్నాడు.

ఈ మందిరాన్ని ఇరవై రెండేళ్లుగా ఊడ్చి తుడుస్తున్నది నేనే. బుధవారం బెంచీలు, గురువారం కిటికీలు, శుక్రవారం ఇత్తడి సామాను, శనివారం అన్నీ మళ్లీ ఒకసారి. ఎవరూ చెయ్యి పెట్టని మూల ఎక్కడుందా అని మీ ఉత్తరం చూశాక మోకాళ్ల మీద పాకి మరీ వెతికాను. ఒక పిన్నీసు దొరికింది. అది మిస్సెస్ టిండల్‌ది. ఇచ్చేశాను.

ఎవరి మీదా నాకు కోపం లేదు. మీరు చిన్నవారు, చదువుకున్నవారు. మా మందిరం గురించి మీ ప్రొఫెసర్ గారికి ఎవరు ఏం చెప్పారో తెలియదుగానీ, వారి కోసం కూడా నిన్న ప్రార్థన చేశాను.

ఇట్లు,
డోరీన్ హెస్లప్

తా.క.: వీధికి అవతల పక్క ఇంకో చర్చి ఉంది. వాళ్ల దుమ్ము సంగతి నేను చెప్పకూడదు.


మాంచెస్టర్,
మార్చి 18

మిస్సెస్ హెస్లప్ గారికి,

ముందు క్షమాపణ. మా అమ్మమ్మ వేల్స్‌లో బాలా దగ్గర ఇలాంటి మందిరంలోనే నలభై ఏళ్లు పూలు అమర్చింది. నేను రాసిన ఉత్తరం ఆవిడ కంట పడి ఉంటే నన్ను గుమ్మం ఎక్కనిచ్చేది కాదు.

నేను దుమ్ము అన్నది తప్పు. నాకు కావలసింది చేపపొలుసుల్లా నల్లగా మెరిసే రేకులు. మీ ఊరి ఉక్కు ఫ్యాక్టరీలో కరిగిన ఇనుము పోసేటప్పుడు అది కాస్త చల్లారుతుంది కదా, అప్పుడు అందులో ఇమడలేని కార్బన్ రేకులై పైకి తేలుతుంది. గాలి వాటిని ఎత్తుకొచ్చి ఊరి మీద పోస్తుంది. అవి గ్రాఫైట్‌లోకెల్లా మేలైన గ్రాఫైట్. ఏ దుకాణం నుంచి తెప్పించినా అలాంటివి దొరకడం లేదు.

అవి మీ కిటికీ బయటి గట్ల మీద పడుతుంటే కొన్ని పంపగలరా?

గౌరవంతో,
ఓవెన్ ప్రిచర్డ్

తా.క.: బయటి గట్టు మందిరం లోపలి లెక్కలోకి రాదని నా మనవి.


స్కార్‌బెక్,
మార్చి 27

ఓవెన్ గారికి,

ప్రభువు పేరట వందనాలు.

తళుకా! ఆ రేకుల్ని మా ఊళ్లో అలాగే అంటాం, ఆ సంగతి ముందే రాస్తే సరిపోయేది కదండీ. తళుకు దుమ్ము కాదు, ఫ్యాక్టరీది. మేం చిన్నప్పుడు దాన్ని బుగ్గలకు రాసుకుని ఆడుకునేవాళ్లం. ఆరేసిన దుప్పట్ల మీద పడితే మా అమ్మ ఫ్యాక్టరీ వైపు తిరిగి ఏవేవో అనేది. మా విల్ఫ్ ముప్ఫై ఏళ్లుగా ఆ ఫర్నేసు దగ్గరే పని చేస్తున్నాడు. మీ ఉత్తరం విని, "మేం చచ్చీ చెడీ ఇనుము తీస్తుంటే, వీళ్లకి గాలికి పోయింది కావాలా" అని పడీ పడీ నవ్వాడు.

పడమటి కిటికీ గట్ల మీద మూడు వారాలది ఉంటే ఎత్తాను. అలా ఎత్తింది ఎత్తినట్టు ఒక యూనివర్సిటీకి ఎలా పంపుతాను? సబ్బుపొడి వేసి మూడు నీళ్లలో కడిగాను. కేకు కాల్చే పళ్లెంలో పరిచి ఆరబెట్టాను. అందులో కొన్ని రేకులు మరీ మోటుగా, నా చిటికెనవేలి గోరంత ఉన్నాయి. చూడ్డానికి ఏం బాగుంటాయి? రాతి కల్వంలో వేసి మధ్యాహ్నమంతా నూరాను. పిండి జల్లెడలో రెండుసార్లు జల్లించాను. ఇప్పుడు వేళ్ల మధ్య పట్టుకుంటే పట్టులా జారిపోతోంది. మీ థీసిస్‌కి ఏ లోటూ రాదు.

ఆశీస్సులతో,
డోరీన్ హెస్లప్

తా.క.: ఫ్యాక్టరీ వాసన పోవడానికి కొంచెం లావెండర్ కూడా కలిపాను.


మాంచెస్టర్,
ఏప్రిల్ 2

మిస్సెస్ హెస్లప్ గారికి,

పొడి అందింది. మీరు పడిన శ్రమకు ఏమని కృతజ్ఞత చెప్పను? ఇంత మెత్తటి గ్రాఫైట్ పొడి తన జీవితంలో చూడలేదని మా ప్రొఫెసర్ గారు అన్నారు. మా అంతస్తులో బిగుసుకుపోయిన తాళాలన్నిటికీ వేశాం. వెన్నలా తిరుగుతున్నాయి.

కానీ నిజం చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. గోరంత రేకు అన్న మాట దగ్గర నేను కుర్చీలో కూలబడిపోయాను. నాకు కావలసింది ఆ మోటు రేకులే. ఎంత పెద్దదైతే అంత మంచిది. కడగొద్దు, నూరొద్దు, జల్లించొద్దు. పక్షి ఈక అంటుకుని ఉన్నా అలాగే పంపండి.

మేం చేసేది ఇదీ: రేకును టేపు మీద పెడతాం. ఆ టేపును మడిచి, అంటించి, మెల్లగా లాగితే రేకు రెండు పలచటి రేకులవుతుంది. మళ్లీ మడవడం, మళ్లీ లాగడం. ఇలా పది ఇరవైసార్లు చేస్తూపోతే రేకు పలచబడుతూ వస్తుంది. మామూలు టేపే, పుస్తకాల దుకాణంలో దొరికేది. ఇందులో మంత్రమేమీ లేదు, ఓపిక ఒక్కటే కావాలి. నాకున్నది అంతంత మాత్రం.

కృతజ్ఞతతో,
ఓవెన్

తా.క.: ఆ పొరలో కార్బన్ పరమాణువులు ఆరు మూలల గళ్లుగా, తేనెపట్టులా అల్లుకుని ఉంటాయి. దాన్నే చుడితే సన్నటి గొట్టం అవుతుంది. అలాంటి అల్లికే బంతిలా కూడా ఉంటుంది. గొట్టమైనా బంతైనా లక్ష కలిపినా కంటికి ఆనవు.


స్కార్‌బెక్,
మే 22

ఓవెన్ బాబుకి,

ప్రభువు పేరట వందనాలు. ఆలస్యం చేశానని అనుకోకండి. ఎందుకు ఆలస్యమైందో చదివితే సంతోషిస్తారు.

టేపుతో చేస్తారా ఈ పనంతా? నాకు నమ్మబుద్ధి కాలేదు. విల్ఫ్‌ని అడిగితే, "పాపం, అంతకంటే మంచి పనిముట్లు కొనిపెట్టలేదేమో" అన్నాడు. మనసు కలుక్కుమంది. ఆదివారం ప్రార్థన విన్నపాల్లో, ఆసుపత్రిలో ఉన్నవారి తరవాత, మీ ప్రయోగశాల పేరు చేర్చాను.

మంగళవారం మా కుట్టుపని సంఘంలో మీ ఉత్తరం చదివి వినిపించాను. మేం ఆరుగురం. మిస్సెస్ టిండల్‌కి ఎనభై ఒకటి. ఓపిక ఒక్కటే కావాలన్న చోట ఆవిడ అద్దాలు సవరించుకుని, "అదేనా? మనం చేసిపెట్టేద్దాం. పిల్లాడు ఒక్కడూ ఎన్నని లాగుతాడు?" అంది. అంతే, బొంత పక్కన పెట్టేశాం. ఆరు మంగళవారాలు కూర్చున్నాం. రేకులు కడగలేదు, నూరలేదు. ఒకదానికి నిజంగానే ఈక ఉంది. దాన్ని కూడా తియ్యలేదు, మీరే తీసుకోండి.

మడవడం, లాగడం. మొదట నల్లగా ఉంటుంది, తరవాత బూడిదరంగు, తరవాత పొగలాగా, తరవాత ఏమీ ఉండదు. ఏమీ లేనంత దాకా వచ్చినవన్నీ అయిపోయినట్టు లెక్క కదా, వాటిని తీసేశాం. తొలి మడతలప్పుడు విడిగా తీసిపెట్టిన టేపుల మీద చక్కగా నల్లగా ఇంకా సరుకు ఉంది. అవి నలభై నాలుగు. అట్టముక్కలకు అంటించి, ఏది ఎవరు లాగారో పేర్లు రాసి పంపుతున్నాను. కూడా అల్లం కేకు ఉంది. మీ ప్రొఫెసర్ గారికి కూడా ఒక ముక్క ఇవ్వండి.

ఆశీస్సులతో,
డోరీన్ హెస్లప్

తా.క.: ఖాళీ టేపులు పారేశామనుకునేరు. మిస్సెస్ టిండల్ ఏ వస్తువూ పారెయ్యనివ్వదు. వాటితో కీర్తనల పుస్తకాల్లో చిరిగిన పేజీలన్నీ అంటించేసింది.

ఇంకో తా.క.: మీరు రాసిన బంతిని కూడా ఆవిడ క్రోషేతో అల్లింది. అన్నీ ఆరు మూలల గళ్లే వేస్తే బల్లపరుపుగా సాగిపోతోందట గానీ బంతి మూసుకోవడం లేదట. మధ్యమధ్య ఐదు మూలలవి పన్నెండు వేస్తేనే మూసుకుందట. మీ ప్రొఫెసర్ గారికి ఈ సంగతి తెలియకపోతే చెప్పండి.


మాంచెస్టర్,
జూన్ 3

డోరీన్ గారికి,

మీ పెట్టె వచ్చింది. కేకు అయిపోయింది. ఐదు మూలలవి పన్నెండే ఉండాలన్న సంగతి మా ప్రొఫెసర్ గారికి తెలుసట. అయితే ఆయనకు అది తెలియడానికి లెక్కలు చాలా కావలసి వచ్చాయట. మిస్సెస్ టిండల్ గారికి నమస్కారాలు చెప్పమన్నారు.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. నాలుగోసారి ఇది. "తరవాత ఏమీ ఉండదు" అని రాశారే, నేను నాలుగేళ్లుగా వెతుకుతున్నది ఆ ఏమీ లేనిదాన్నే. ఒంటి పొర టేపు మీద కంటికి కనబడదు. కనబడకపోవడమే దాని గుర్తు. మీరు పంపిన నలభై నాలుగూ నిజంగా మంచి గ్రాఫైట్. గ్రాఫీన్ మాత్రం మీ కీర్తనల పుస్తకాల్లో ఉంది. కాగితానికి అతికాక ఇక దాన్ని ఊడదీయలేం. దయచేసి ప్రయత్నించకండి, పేజీలు పాడవుతాయి.

తప్పు మీది కాదు. కనబడని దాని కోసం అని మొదటి రోజే రాయాల్సింది నేను.

ఇప్పుడు మంచి మాట. ఆ అట్టముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. ఇంత సమంగా లాగిన టేపులు నేను చూడలేదు. నా చెయ్యి ప్రతిసారీ ఎక్కడో ఒకచోట అదురుతుంది, రేకు చిరుగుతుంది. మీ వాళ్లకి ఒక్కరికీ అదరలేదు. అందుకని సిగ్గు విడిచి అడుగుతున్నాను. చిన్న డబ్బాలో నలభై సిలికాన్ ముక్కలు పంపుతున్నాను. ఊదారంగులో మెరుస్తుంటాయి, వెనక అంకెలున్నాయి. ఏమీ కనబడనంత దాకా లాగిన టేపును ఆ ముక్క మీద ఒత్తి, బొటనవేలితో మెల్లగా రుద్ది, నెమ్మదిగా తీసేయండి. ముక్క మీద ఏమీ ఉన్నట్టు అనిపించదు. సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే ఒంటి పొర ఉన్నచోట ఊదారంగు కొంచెం, చాలా కొంచెం, ముదురుతుంది. ఏ ముక్క ఎవరిదో కూడా రాయండి. రేకును లాగినవాళ్ల పేరు థీసిస్‌లో రాయడం మా దగ్గర ఆనవాయితీ.

ఆశతో,
ఓవెన్

తా.క.: సిలికాన్ ముక్కలు కడగకండి. వాటికి లావెండర్ కూడా అవసరం లేదు.


స్కార్‌బెక్,
జూన్ 11

ఓవెన్ బాబుకి,

ప్రభువు పేరట వందనాలు.

మీ ఉత్తరం మంగళవారం చదివాను. చదవడం అయ్యాక అందరం కీర్తనల పుస్తకాలు తెరిచి చూసుకున్నాం. ఆఖరికి మిస్సెస్ టిండల్, "కనబడనిదాన్ని నమ్మడం మనకేం కొత్త? ఆ పిల్లాడు ముందే చెప్పి ఉంటే పోయేది కదమ్మా" అంది. నాకు మాత్రం ఇంకా బాధగానే ఉంది. మీ నాలుగేళ్ల కష్టాన్ని జిగురుపెట్టి పేజీలకు అంటించేశాం.

ఇంకా చెప్పలేని సంగతి ఒకటుంది, చెప్పక తప్పదు. తళుకు లేదు. ఫర్నేసు లోపలి ఇటుకలు మార్చడానికని మొన్న ఒకటో తారీకున ఆపేశారు. ఆగస్టు ఆఖరుకి గానీ మళ్లీ వెలిగించరని విల్ఫ్ అన్నాడు. కిటికీ గట్ల మీద మిగిలిందంతా, ఫర్నేసు ఆగింది కదా ఇక మళ్లీ పడదు కదా అన్న సంతోషంలో, రెండో తారీకునే సబ్బునీళ్లతో కడిగేశాను.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఫర్నేసు వెలిగిన రోజు నుంచి పడమటి గట్లను ముట్టుకోను. సెప్టెంబరు ఆరున మా మందిర వార్షికోత్సవం. ఆ రోజు ఈ చుట్టుపక్కల మందిరాలన్నిటినీ చూసుకునే సూపరింటెండెంట్ పాస్టరు గార్‌బట్ గారు వచ్చి మందిరమంతా చూసి ఒక ఫారం నింపుతారు. అందులో "దుమ్ము" అని ఒక గడి ఉంది. ఇప్పటిదాకా అందులో "లేదు" అనే రాశారు. ఈ ఏడు ఏం రాస్తారో రాయనీ. మీకు అక్టోబరు ఆఖరు గడువు. ఒక్క రోజు తళుకు పోగొట్టుకున్నా నా మనసు ఒప్పుకోదు.

ఆశీస్సులతో,
డోరీన్

తా.క.: సిలికాన్ ముక్కలు భద్రంగా ఉన్నాయి. కడగలేదు. ఒకదాని మీద వేలిముద్ర పడింది. దాన్ని చూస్తూ కూడా కడగలేదు.


స్కార్‌బెక్,
సెప్టెంబరు 8

ఓవెన్ బాబుకి,

ప్రభువు పేరట వందనాలు. దీంతోపాటు డబ్బా పంపుతున్నాను. నలభై ముక్కలూ అయిపోయాయి.

ఆగస్టు ఇరవై ఆరున ఫర్నేసు వెలిగింది. ఇరవై ఎనిమిది నుంచి తళుకు పడడం మొదలైంది. ఆ రోజు నుంచి నేను మందిరానికి తూర్పు గుమ్మం నుంచే వెళ్లాను. ఒకసారి పొరపాటున పడమటి వైపు నుంచి వచ్చి, అప్పటికే చేతిలో గుడ్డ ఉందని గ్రహించి, గుడ్డను కోటు జేబులో కుక్కుకుని ఇంటికి వెళ్లిపోయాను. మా ఇంట్లో మాత్రం అలమారాలన్నీ రెండుసార్లు తుడిచాను. విల్ఫ్ పళ్లెం ఇంకా చేతిలో ఉండగానే కడిగేశానట. "ఆ మాంచెస్టర్ పిల్లాడి కోసం నువ్వు మందిరం తుడవడం మానేసి, మాకు తిండి పెట్టడం కూడా మానేస్తున్నావు" అన్నాడు.

శనివారం పగలు కొంత తళుకు ఎత్తి, అందరం కలిసి, అంకెల వరస చూడకుండా చేతికందినవి తీసి, ముప్ఫై ముక్కలు చేశాం. విల్ఫ్ కూడా రెండు లాగాడు. కాలిన వేళ్లు కదా, మొదటిది చిరిగింది. రెండోది బాగా వచ్చిందని తనే చెప్పుకున్నాడు. ఎలా చెయ్యాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి సండే స్కూలు గదిలో గోడకు అంటించాను. మిగతా పది ముక్కలు సోమవారం చేద్దామని అక్కడే బల్ల మీద పెట్టాం. ఆదివారం పని చెయ్యం కదా.

ఆదివారం ఉదయం పాస్టరు గారి ప్రసంగం కూడా దాని గురించే. విశ్రాంతి దినాన తోటలో కలుపు తీసినా అది పనే, బూట్లు పాలిష్ చేసినా అది పనే అన్నారు. చాలా బాగా చెప్పారు. మా ముందు బెంచీలో ఇద్దరు ముగ్గురు బూట్లు లోపలికి లాక్కున్నారు.

తరవాత ఫారం తీసుకుని మందిరం చుట్టూ తిరిగారు. పడమటి గట్టు దగ్గర ఆగి వేలితో ఒక గీత గీశారు. వేలు చూసుకున్నారు. నన్ను చూశారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, మీ సంగతీ, ఒంటి పొర సంగతీ, మీ గడువూ. చెప్పిందంతా విన్నారు. "కంటికి కనబడదా?" అని ఒక్కటి అడిగారు. కనబడదండి అన్నాను. రుమాలుతో వేలు తుడుచుకుని, దుమ్ము గడిలో "ఉంది" అని రాశారు. నేను వంటగదిలోకి వెళ్లి వరసగా రెండు కప్పుల టీ తాగాను.

పేర్ల చీటీ డబ్బాలోనే ఉంది.

ఆశీస్సులతో,
డోరీన్

తా.క.: పదిహేడో నంబరు దగ్గర పేరు లేదు. నేను మరిచిపోలేదు. లాగినవాళ్లు తమ పేరు రాయొద్దని నా చేత మాట తీసుకున్నారు.


మాంచెస్టర్,
సెప్టెంబరు 21

డోరీన్ గారికి,

ప్రయోగశాలలో నిలబడే రాస్తున్నాను, అక్షరాలు బాగుండవు, ఏమీ అనుకోకండి.

పదిహేడో నంబరు కాక మిగతా ముప్ఫై తొమ్మిది ముక్కల మీదా ఒంటి పొరలు ఉన్నాయి, మంచివే. మిస్సెస్ టిండల్ గారివి మూడూ నా జీవితంలో నేను లాగినవాటన్నిటికంటే పెద్దవి. విల్ఫ్ గారి రెండోది ఆయన చెప్పినట్టే బాగుంది. కానీ పదిహేడో ముక్కను మొన్న గురువారం సూక్ష్మదర్శిని కింద పెట్టి కాసేపు ఏమీ లేదనుకున్నాను. అంచు కనబడలేదు. కనబడకపోవడానికి కారణం, నేను చూస్తున్న వలయమంతా అదే నిండిపోయి ఉంది. తలవెంట్రుక మందం కాదు, దానికి రెండింతలు. ఎక్కడా చిరుగు లేదు, ముడత లేదు. ప్రొఫెసర్ గారు వచ్చి చూసి, కుర్చీ తెచ్చుకుని మళ్లీ చూశారు.

కొలతలు మొదలుపెట్టాను. నాలుగు వారాల్లో అధ్యాయం అయిపోతుంది. థీసిస్ గడువులోగా ఇచ్చేస్తాను.

అయితే ఆ పేరు నాకు కావాలి. ఈ పొర మీదే నా అధ్యాయం నిలబడింది. ఎవరు లాగారో తెలియదని రాస్తే పరీక్షకులు ముందు అదే అడుగుతారు. మీరు మాట ఇచ్చారని తెలుసు. మాట తప్పమని అడగను. ఆ మనిషిని మాత్రం నా తరఫున ఒక్కసారి అడగండి.

ఎప్పటికీ మీకు ఋణపడిన,
ఓవెన్

తా.క.: మీరు దాచిన గుడ్డ ఇంకా కోటు జేబులోనే ఉంటే, ఇక తీసి తుడిచేయొచ్చు.


స్కార్‌బెక్,
సెప్టెంబరు 28

ఓవెన్ బాబుకి,

ప్రభువు పేరట వందనాలు. మీ ఉత్తరం కుట్టుపని సంఘంలో చదివాను. మిస్సెస్ టిండల్ తన మూడింటి సంగతి నాలుగుసార్లు చదివించుకుంది. తరవాత అందరూ నా మొహం చూశారు, పదిహేడు ఎవరిదో చెప్పమని. నేను టీ కలపడానికి లేచాను.

అబద్ధం చెప్పలేను, మాట తప్పలేను. అందుకని మొన్న శనివారం బస్సెక్కి ఆ మనిషి ఇంటికే వెళ్లాను. ఆయన తోటలో ఉల్లికాడల్లాంటి లీకు మొక్కల మధ్య వంగుని ఉన్నారు. వచ్చే నెల కూరగాయల పోటీకి పెడతారట. నన్ను చూడగానే తెల్లబోయారు.

ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి చెబుతున్నాను. ఆ ఆదివారం టీ అయ్యాక అందరూ వంటగదిలో గిన్నెలు కడుగుతున్నారు. మిగిలిన కప్పులు తెద్దామని నేను సండే స్కూలు గదిలోకి వెళ్లాను. సూపరింటెండెంట్ గార్‌బట్ పాస్టరు గారు పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుని ఉన్నారు. కోటు విప్పి పక్కన పెట్టారు. గోడ మీది కాగితం చూసుకుంటూ, నాలుక కొస పళ్ల మధ్య బిగబట్టి, టేపు లాగుతున్నారు. నేను వచ్చింది కూడా వినలేదు. ముక్క మీద ఒత్తి, మెల్లగా తీసి, వెలుతురుకు పట్టుకుని, "ఏమీ లేదు" అని తనలో తనే అనుకుని ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. అప్పుడు నన్ను చూశారు. ప్రసంగం చేసి నాలుగు గంటలు కూడా కాలేదు.

"డోరీనమ్మా, ఎంతసేపటి నుంచి ఉన్నావు?"

"ఇప్పుడేనండి."

"ఇది పని కిందికి వస్తుందంటావా?"

"బూట్లు పాలిష్ చేస్తేనే పనన్నారు కదండీ."

ఆయన లేచి కోటు తొడుక్కున్నారు. పేరు రాయొద్దు అని మాత్రం అన్నారు. నేను సరేనన్నాను.

మొన్న తోటలో మీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. నిలబడే చదివారు. తలవెంట్రుకకు రెండింతలు అన్నచోట వేలు పెట్టి ఇంకోసారి చదివారు. తరవాత బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నారు.

"ఆ కుర్రాడి అధ్యాయం నా పేరు లేకపోతే ఆగిపోతుందా?"

"ఆగదేమో గానీ, కుంటుతుందండి."

"అయితే రాయమను. పేరు పూర్తిగా రాయమను. తారీకు కూడా రాయమను. ఆరో తారీకు, ఆదివారం అని. సోమవారం అని ఎక్కడైనా పడితే నేనే ఉత్తరం రాసి దిద్దిస్తానని చెప్పు." ఆగి మళ్లీ అన్నారు. "మన వాళ్లకి మాత్రం థీసిస్ రాకముందే నేనే చెప్పాలి."

చెప్పారు. నిన్న మా మందిరంలో ఆయన ప్రసంగించే వంతు కాకపోయినా వచ్చి, ప్రకటనలయ్యాక లేచి నిలబడి చెప్పారు. ఎలా లాగారో కూడా వివరంగా చెప్పారు, కొంచెం ఎక్కువ వివరంగానే. విల్ఫ్ పగలబడి నవ్వబోతే మోచేత్తో పొడిచాను. మిస్సెస్ టిండల్ మాత్రం, "ఆయన లాగింది ఒక్కటి, అదీ ఆదివారం. నేను ఆరు రోజుల్లో చేసే పని ఆరు రోజుల్లోనే చేశాను" అంది, ఆయనకు వినబడేలా.

కాబట్టి రాసుకోండి: రెవరెండ్ ఆర్నల్డ్ గార్‌బట్, సెప్టెంబరు 6, ఆదివారం. మీ పరీక్షకులు ఇంకేమైనా అడిగితే నన్ను అడగమనండి, నేను చూశాను.

మీ అధ్యాయం బాగా ముగియాలని ప్రార్థిస్తూ,
డోరీన్ హెస్లప్

తా.క.: సిలికాన్ ముక్కలు ఇంకో డబ్బా ఉంటే పంపగలరా అని పాస్టరు గారు అడగమన్నారు. సోమవారం నుంచి శనివారం దాకా మాత్రమేనని కూడా రాయమన్నారు.